విగ్రహం కన్నా ముందు ఆ రిజిస్టర్లు: మన బడి పూర్వ విద్యార్థుల సంఘానికి బహిరంగ లేఖ

అన్నయ్యలకు, అక్కయ్యలకు నమస్కారం.

బడి గేటు పక్కన మా అమ్మమ్మ, అంటే మీ టీచరమ్మ విగ్రహం పెట్టాలని సంఘం మీటింగులో తీర్మానం చేశారని, చందాల పుస్తకం కూడా తెరిచారని మా చిన్నమామయ్య చెప్పాడు. కుటుంబం తరఫున మీ అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. రిటైరై నలభై ఏళ్లు దాటిన టీచరును, తొంభై ఏడేళ్లు నిండు జీవితం గడిపి వెళ్లిపోయిన మనిషిని, ఊళ్లో ఇంతమంది ఇంత ప్రేమగా తలుచుకుంటుంటే మా ఇంట్లో ఎవరికీ మాట పెగలడం లేదు. అయినా ఒక్క విన్నపం చేసుకోవాలి. విగ్రహం ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది పెట్టుకోవచ్చు. వచ్చే వానాకాలం లోపల చేయకపోతే ఇంకెప్పటికీ చేయలేని పని ఒకటి బడిలోనే ఉంది. మీ డబ్బు, మీ పూనిక ముందు దానికి కావాలి.

మన బడి పాత అడ్మిషన్ రిజిస్టర్ల గురించి చెబుతున్నాను.

అమ్మమ్మ పెద్దకర్మ అయిన తర్వాత స్టడీ సర్టిఫికెట్ కోసం వచ్చిన ఒక అక్కయ్యకు తోడుగా బడికి వెళ్లాను. కొత్త గదులు కట్టేటప్పుడు పాత ఆఫీసు గదిని ఖాళీ చేశారు కదా, అప్పుడు బీరువాలోని రిజిస్టర్లన్నీ గోతాల్లో కుక్కి వెనక రేకుల గదిలో పెట్టారు. ఆ రేకులకు చిల్లులున్నాయి. పైగోతాం కాస్త నయం, కిందిది తడిసి అట్టలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఒక మూల చెద మొదలైంది. కొన్ని కట్టలు అప్పటికే పాత పేపర్లవాడి బండి ఎక్కాయని అటెండరు చెప్పాడు. ఎవర్నీ తప్పుపట్టాలని ఇది రాయడం లేదు. పిల్లలకు మంచి గదులు, మరుగుదొడ్లు, మంచినీళ్లు రావడమే ముఖ్యం, అవి వచ్చాయి, సంతోషం. ఆ హడావిడిలో ఈ గోతాల్లో ఏముందో చెప్పేవాళ్లు లేకపోయారు, అంతే. ఇప్పుడు నేను చెబుతాను.

మీకు టీచరమ్మ అంటే ఎక్కాలు, చేతిరాత, ప్రార్థన గుర్తొస్తాయి. మాకు అమ్మమ్మ అంటే ముందు గుర్తొచ్చేది జూన్ నెల. బడులు తెరిచే ముందు వారం రోజులు ఆమె ఇంట్లో ఉండేది కాదు. పొద్దున్నే చద్దన్నం తిని, గొడుగు, గుడ్డసంచీ పట్టుకుని పాత గుంటూరు సందుల్లోకి వెళ్లేది. ఆ ఇళ్లలో ఆడవాళ్లు పొగాకు కంపెనీల్లో ఆకు గ్రేడింగ్‌కో, మిరపకాయల తొడిమలు తీయడానికో కూలికి వెళ్లేవాళ్లు. ఎనిమిదేళ్ల ఆడపిల్ల ఇంటి దగ్గర చంటిదాన్ని ఎత్తుకుని కూర్చునేది, పదేళ్లదైతే తల్లితో పాటు పనికి పోయేది. అమ్మమ్మ వాకిట్లో పీట వేయించుకుని కూర్చుని, తల్లి పని నుంచి వచ్చేదాకా కదిలేది కాదు. చంటిదాన్ని ఎవరు చూస్తారని తల్లి అడిగితే, దాన్ని కూడా బడికి పంపమనేది. మన బడి వరండా దూలానికి పాతచీరలతో ఉయ్యాలలు వేలాడిన రోజులు మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. ఇన్‌స్పెక్షనుకు వచ్చిన ఒక అధికారి ఇది బడా, పురిటి ఇల్లా అని కోప్పడ్డారట. ఉయ్యాల తీసేస్తే ఆ అక్క రేపటి నుంచి రాదండీ, హాజరుపట్టీలో ఆ గడి మీరే నింపండి అని సమాధానం చెప్పిందట. ఆయన మరి మాట్లాడలేదని అప్పటి అసిస్టెంటు టీచరుగారు మా అమ్మకు చెప్పారు.

బడిలో చేర్చుకోవడం ఒక ఎత్తు, పుట్టినతేదీ రాయడం ఇంకో ఎత్తు. ఇదే ఈ లేఖలో అసలు సంగతి, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

జనన మరణాల నమోదుకు దేశమంతటికీ ఒకే చట్టం వచ్చింది 1969లో. చట్టం వచ్చాక కూడా ఇంట్లో మంత్రసాని చేతుల మీద పుట్టిన పిల్లల్ని ఎంతమంది రాయించారు? బడిలో చేర్చేటప్పుడు పుట్టిన తేదీ ఏమిటంటే తల్లి తెల్లమొహం వేసేది. చాలా బడుల్లో దీనికి ఒక సులువు ఉండేది. పిల్ల ఎత్తు చూసి, ఏడాది ఊహించి, తేదీ జులై 1 అని రాసేసేవాళ్లు. మన రాష్ట్రంలో ఒక తరంలో చాలామందికి జులై 1న పుట్టినరోజు రావడానికి కారణం అదే. అమ్మమ్మకు అది సుతరామూ ఇష్టం ఉండేది కాదు. ఆ బిడ్డ పుట్టిన రోజు ఒకటి ఉంది, తల్లికి అది తెలుసు, మనకు అడగడం రావాలి అనేది.

ఆమె అడిగే పద్ధతి నేను కళ్లారా చూశాను. రిటైరయ్యాక కూడా వయసు తేలని వాళ్లు మా ఇంటికి వచ్చేవాళ్లు, అప్పుడు చూశాను. ముందు ఏడాది తేల్చేది. కృష్ణ పుష్కరాలకు ముందా, తర్వాతా? 1956, 1968, 1980 పుష్కరాల ఏడాదులు కాబట్టి పన్నెండేళ్ల పరిధి అక్కడే దొరికిపోయేది. సాగర్ కాలవలకు నీళ్లు వదిలినప్పటికి పుట్టిందా? జై ఆంధ్రా గొడవల్లో బడులు మూసినప్పుడు నడుస్తోందా, పాకుతోందా? దివి తుఫాను రాత్రికి నీ చంకలో ఉందా, కడుపులో ఉందా? ఏడాది దొరికాక కాలం అడిగేది. మిరప నాట్లా, కోతలా? ఆ తర్వాత పండగ. అట్లతద్దికి ముందా, నాగులచవితి తర్వాతా? ఆఖరుకు వారం. పురుడు ఏ వారం వచ్చిందో మరిచిపోయిన తల్లిని నేనింతవరకు చూడలేదు అని అమ్మమ్మ అనేది. ఇవన్నీ వచ్చాక ఇనప్పెట్టెలోంచి పాత పంచాంగాల కట్ట దించేది. ఆమె తండ్రి కాలం నుంచి దాచిన పంచాంగాలవి.

ఒక ఉదాహరణ చెబుతాను. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలవలకు నీళ్లు వదిలారు. ఒక తల్లి, నీళ్లు వదిలిన ఏడాదేనండీ, శ్రావణమాసం, వరలక్ష్మీ వ్రతం మూడు రోజులుందనగా మంగళవారం పుట్టింది అని చెప్పింది. ప్లవంగ నామ సంవత్సరం పంచాంగం తీసి చూస్తే ఆ శ్రావణ పౌర్ణమి ఆగస్టు 20, ఆదివారం. దాని ముందు శుక్రవారం 18. మూడు రోజులు వెనక్కి వస్తే మంగళవారం 15. రిజిస్టర్లో 15-8-1967 అని పడింది. ఆ అక్కయ్య ఇప్పుడు నాయనమ్మ అయింది, స్వాతంత్ర్య దినోత్సవం నాడు మనవలు కేకు కోయిస్తారు. తల్లి జ్ఞాపకాన్ని తేదీగా మార్చి సిరాతో రాసిన పుట ఎక్కడ ఉందంటే, ఆ రేకుల గదిలో, తడిసిన గోతాంలో.

ఏళ్లు తగ్గించి రాయమని అడిగేవాళ్లు కూడా తక్కువేం కాదు. మగపిల్లాడికి రెండేళ్లు తగ్గిస్తే ఉద్యోగంలో రెండేళ్లు ఎక్కువ ఉంటాడని ప్రతి తండ్రి ఆశ. ఎంత పెద్దమనిషి వచ్చి అడిగినా ఆమె ఒప్పుకోలేదు. ఆడపిల్లల విషయంలో కథ తిరగబడేది. 1978లో చట్టం ఆడపిల్ల పెళ్లి వయసు 15 నుంచి 18కి పెంచింది. ఏడో తరగతి అయిపోయిన పిల్లకు సంబంధం కుదిరితే తండ్రి వచ్చి, టీచరుగారూ, వయసు పొరపాటున తక్కువ పడిందండీ, సరిచేసి సర్టిఫికెట్ ఇవ్వండి అని బతిమాలేవాడు. అమ్మమ్మ రిజిస్టరు తెరిచి, ఆ పుట చూపించి, మీ ఆవిడ ఏ పండగ చెప్పిందో, ఏ వారం చెప్పిందో అన్నీ అప్పజెప్పేది. ఊహించి రాసిన జులై 1 అయితే దబాయించి మార్పించుకోవచ్చు. లెక్కకట్టి రాసిన తేదీని ఎలా మారుస్తారు? అలా ఎన్ని పెళ్లిళ్లు ఆగాయో నాకు తెలియదు, అమ్మమ్మ ఎప్పుడూ లెక్క చెప్పలేదు. కర్మ రోజున మాత్రం ఒకావిడ మా అమ్మ చేతులు పట్టుకుని, నా పెళ్లి నాలుగేళ్లు వాయిదా వేయించింది మీ అమ్మేనమ్మా, అందుకే నేను నర్సును కాగలిగాను అంది.

నా దృష్టిలో ఆమె బతుకంతా ఆ పుటల్లోనే ఉంది. ఆ తేదీల మీద ఆమెకు ఇంత పట్టుదల ఎందుకో తెలియాలంటే ఆమె సొంత కథ కొంచెం చెప్పాలి.

ఆమె పుట్టింది ప్రభవ నామ సంవత్సరంలో, అంటే 1927లో, తెనాలి తాలూకాలో ఒక పల్లెటూళ్లో. ఆమె అక్కకు చిన్నతనంలోనే పెళ్లి చేశారు, కాపురానికి పోకముందే భర్త చనిపోయాడు. ఆ అక్కను చదివించాలని తండ్రి గుంటూరు తీసుకొచ్చి శారదా నికేతనంలో చేర్చాడు. ఉన్నవ లక్ష్మీనారాయణగారు, లక్ష్మీబాయమ్మగారు 1922లో పెట్టిన బడి అది. ఇలాంటి ఆడపిల్లలకు చదువు చెప్పి, చేతిపని నేర్పి, వాళ్ల కాళ్ల మీద వాళ్లు నిలబడేలా చేసిన చోటు. అక్కను దింపడానికి వచ్చిన తండ్రి, వెంటబడి ఏడ్చిన చెల్లెల్ని కూడా అక్కడే వదిలి వెళ్లాడు. ఆ ఒక్క ఏడుపు మా కుటుంబం దారి మార్చేసింది. అక్కకు బాల్యవివాహం చేసినందుకు తండ్రి చివరిదాకా కుమిలిపోయాడు. ఆడపిల్ల వయసు అంటే అమ్మమ్మకు అంత పట్టింపు ఎందుకో మాకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

పెళ్లయ్యాక ట్రైనింగ్ చేసింది, ఉద్యోగం వచ్చింది, నలుగురు పిల్లలు పుట్టారు. మా తాతయ్య ఒక పొగాకు కంపెనీలో గుమాస్తా. ఆయన నలభై నిండకుండానే గుండెపోటుతో పోయాడు. అప్పటికి ఇంట్లో ఇద్దరు మరుదులు, ఒక ఆడపడుచు, మంచంలో అత్తగారు. అందరికీ ఆధారం ఒక్క మునిసిపల్ టీచరు జీతం. బంధువులు ఊరికి వచ్చేయమన్నారు. రానంది. బ్రాడీపేటలో రెండు గదుల అద్దె ఇంట్లో అంతమందినీ కడుపులో పెట్టుకుని ఈడ్చుకొచ్చింది. చిన్న తాతయ్యలిద్దరినీ చదివించింది, ఆడపడుచుకు పెళ్లి చేసింది. ఇది చాలనట్టు ఊరి నుంచి చుట్టాల పిల్లలు వచ్చి ఉండేవాళ్లు. ఏసీ కాలేజీలోనో హిందూ కాలేజీలోనో సీటు వస్తే గుంటూరులో ఎక్కడ దిగాలి? టీచరమ్మ ఇంట్లో. తెల్లవారుజామున నాలుగున్నరకు అందరికీ దీపం, పెరట్లో బొగ్గుల కుంపటి మీద పెద్దగిన్నెలో నీళ్లు, మధ్యాహ్నానికి కందిపొడి, గోంగూర పచ్చడి, పలచటి మజ్జిగ. ఫలానా రోజు ఫలానా పిల్లాడికి రెండోసారి అన్నం పెట్టలేకపోయాను అని ఆమె పద్దు పుస్తకంలో ఒకచోట రాసుకుంది. ఆ పుస్తకం మా దగ్గర ఉంది. డబ్బుల లెక్కల మధ్య ఆ ఒక్క వాక్యం.

పెళ్లిళ్లలో ఆమెది ఒకటే షరతు. ఆడపిల్ల చదువు పూర్తయ్యాకే ముహూర్తం. చిన్న తాతయ్య ఒకాయన తన కూతురికి ఇంటర్ మధ్యలో పెళ్లి పెట్టుకుంటే ఆమె వెళ్లలేదు. తాను చేరదీసి చదివించిన మరిది, ఇంటికి వచ్చి కాళ్లు పట్టుకున్నా వెళ్లలేదు. ఇద్దరి మధ్య ఏడేళ్లు మాటల్లేవు. ఆ పంతం అంత దూరం వెళ్లకుండా ఉంటే బాగుండేదని నా అభిప్రాయం. ఆ పిన్ని పెళ్లి పీటల మీద పెద్దమ్మ రాలేదని ఏడ్చింది, అందులో ఆ పిల్ల తప్పేముంది? మా పెద్దమామయ్యకు కూడా ఒక బాధ మిగిలిపోయింది. బడి పిల్లలకు ఇచ్చిన టైము మాకు ఇవ్వలేదు అని ఈ వయసులోనూ అంటాడు. అది నిజమే. ఆమె అందరికీ తల్లి అయ్యేసరికి సొంత పిల్లలకు కొంచెం తగ్గింది. ఇవి దాచి ఆమెను దేవతను చేయడం నాకు ఇష్టం లేదు, ఆమెకూ నచ్చేది కాదు.

1983 సంగతి మీలో చాలామందికి సగమే తెలుసు. ఆ ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వం రిటైర్మెంట్ వయసును 58 నుంచి 55కి తగ్గించింది. అప్పటికే 55 నిండినవాళ్లందరినీ ఫిబ్రవరి 28న ఇంటికి పంపేశారు. అమ్మమ్మ అప్పుడు మన బడి హెడ్‌మిస్ట్రెస్. ఏడో తరగతి కామన్ పరీక్షలు ముందున్నాయి. ఒక్క ఏడాది వయసు తగ్గించి రాయించుకుని ఉంటే ఆ తారీఖు ఆమెకు తగిలేది కాదు. తోటి టీచర్లలో అలా బయటపడ్డవాళ్లున్నారు. ఆమె సర్వీసు రిజిస్టర్లో ఉన్నది తల్లి చెప్పిన అసలు తేదీ. ఇంకా రెండేళ్ల పైన మిగిలున్న ఉద్యోగం పోయింది. అప్పటికి మా పిన్ని పెళ్లి అప్పు కూడా తీరలేదు. 1984లో మళ్లీ 58 చేశారు, అయితే అప్పటికి ఆమె పింఛను తీసుకుంటోంది.

మార్చి 1వ తేదీ పొద్దున ఆమె ఎప్పటిలాగే గొడుగు తీసుకుని బడికి వెళ్లింది. పరీక్షలయ్యేదాకా రోజూ వెళ్లింది, జీతం లేకుండా. కొత్తగా చార్జి తీసుకున్న మాస్టారు తన కుర్చీ ఇవ్వబోతే తీసుకోలేదు, వరండాలో స్టూలు మీద కూర్చుని లెక్కలు చెప్పింది. ఆ ఏడాది ఏడో తరగతి బ్యాచ్ వాళ్లు ఈ సంఘంలో ఉన్నారు, నాకన్నా బాగా వాళ్లే చెప్పాలి.

ఆ తర్వాత నలభై ఏళ్ల పైన బతికింది. మనవల్ని, మునిమనవల్ని చూసింది. 1987లో ప్రభవ మళ్లీ వచ్చినప్పుడు షష్టిపూర్తి చేస్తామంటే, భర్త లేకుండా ఏం షష్టిపూర్తి అని వద్దంది, ఆ డబ్బుతో కొరిటెపాడు ఇంటికి ఇంకో గది వేయించి చుట్టాల ఆడపిల్లలకు ఇచ్చింది. తొంభై దాటాక వేలిముద్రలు అరిగిపోయి లైఫ్ సర్టిఫికెట్‌కు మిషను పట్టేది కాదు. సుద్దముక్క, సిరా, అంట్లు, బట్టలు ఆ వేళ్లను అరగదీశాయి. మొహం ఫోటోతో చేసే పద్ధతి వచ్చాక ఆ టెన్షన్ తీరింది. ఫోను చూడమంటే కళ్లద్దాలు సర్దుకుని, తలకు నూనె రాసి దువ్వుకుని, అప్పుడు చూసేది.

ఇక పని సంగతి.

ఈ రిజిస్టర్లు జ్ఞాపకాల కోసం దాచుకునే వస్తువులు మాత్రమే కాదు, ఇప్పటికీ మనుషులకు అవసరమైన కాగితాలు. పదో తరగతి దాకా వెళ్లని ఆడవాళ్లకు వయసు చూపించే రాతకాగితం చాలాసార్లు ఇదొక్కటే. పాత తరం వాళ్లకు పాస్‌పోర్టులో పుట్టిన తేదీ రుజువుగా బడి టీసీ చెల్లుతుంది. పోగొట్టుకున్న టీసీకి బదులు ఇంకోటి ఇవ్వాలంటే బడిలో రిజిస్టరు ఉండాలి. రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఉద్యోగాల్లో, కాలేజీ సీట్లలో లోకల్ అవునో కాదో తేలేది చాలావరకు ఎక్కడ చదివారన్న దాన్ని బట్టే. పింఛను కోసం వయసు నిరూపించుకోవాలన్నా, ఆస్తి పంపకాల్లో ఎవరి పేరు ఏమిటో తేలాలన్నా ముసలివాళ్లు చివరికి బడి గుమ్మమే ఎక్కుతున్నారు. నేను తోడు వెళ్లిన అక్కయ్య పుట ఆ రోజు దొరకలేదు. అది తడిసిన గోతాంలో ఉందో, బండి ఎక్కిందో తెలియదు. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుని వెనక్కి వచ్చింది.

కాబట్టి నా విన్నపం ఇది. సంఘం తరఫున హెడ్‌మాస్టరుగారి ద్వారా నగరపాలక సంస్థ విద్యా విభాగానికి అర్జీ పెట్టండి. రిజిస్టర్లు బడి ఆస్తి, బడిలోనే ఉండాలి, మనం బయటికి తీసుకుపోకూడదు. శుభ్రం చేయడానికి, ఫోటోలు తీయడానికి అనుమతి అడుగుదాం. చేసేటప్పుడు తొందరపడి పాడు చేయకుండా కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. తడి పుటల్ని ఎండలో ఆరేయొద్దు, సిరా వెలిసిపోతుంది, కాగితం వంకర తిరుగుతుంది. నీడలో, ఫ్యాను గాలికి, మధ్యమధ్య తెల్లకాగితాలు పెట్టి ఆరబెట్టాలి. అతుక్కున్న పుటల్ని బలవంతంగా లాగొద్దు. చిరిగినచోట సెల్లోటేపు అంటిస్తే కొన్నేళ్లకు ఆ జిగురే పసుపు రంగుకు తిరిగి అక్షరాల్ని తినేస్తుంది. లామినేషన్ అసలే వద్దు, ఒకసారి చేశాక కాగితాన్ని మళ్లీ విడదీయలేం. చెదపట్టిన కట్టల్ని వేరుగా పెట్టి, మిగతావాటి దగ్గరికి రానివ్వకుండా చూడాలి. ఆరిన తర్వాత నిలువుగా కాకుండా పడుకోబెట్టి, గోడకు ఆనకుండా ఇనప బీరువాలో పెట్టాలి. ఫోటోలు తీయడానికి పెద్ద మిషన్లు అక్కర్లేదు. పగటి వెలుతురు, ఒక స్టాండు, మంచి ఫోను, వరసగా పేర్లు పెట్టే ఓపిక ఉన్న ఇద్దరు పిల్లలు చాలు. మన ఊళ్లో ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలకు కొదవ లేదు.

ఇంకో మాట, ఇది చాలా ముఖ్యం. ఆ పుటల్లో పేరు, పుట్టిన తేదీ మాత్రమే లేవు. కులం ఉంది, తండ్రి పేరు ఉంది, పుట్టుమచ్చలు ఉన్నాయి, బడి మానేసిన కారణం ఉంది. కొన్నిచోట్ల తండ్రి పేరు గడి ఖాళీగా ఉంది. అమ్మమ్మ ఆ ఖాళీని ఎవరికీ చూపించేది కాదు, సంరక్షకుల గడిలో తల్లి పేరు రాసి పుస్తకం మూసేసేది. మనం ఈ ఫోటోల్ని ఉత్సాహంగా వాట్సాప్ గ్రూపుల్లో, ఫేస్‌బుక్‌లో పెడితే ఆమె యాభై ఏళ్లు దాచిన గుట్టు ఒక్క పూటలో బజారున పడుతుంది. ఎవరి పుట వాళ్లకే చూపించాలి, వాళ్లు అడిగితేనే నకలు ఇవ్వాలి. సంఘం ఈ షరతు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే పని మొదలుపెడదాం.

చందాగా వచ్చిన డబ్బులో బీరువాలకు, రేకుల గది కప్పు బాగుకు, చెదమందుకు ఎంతవుతుందో ముందు తీయండి. మిగిలినదాంతో విగ్రహం చేయిస్తే మాకు అభ్యంతరం లేదు, సంతోషమే. మిగలకపోతే ఆ లోటు మేం భరిస్తాం. మా మామయ్యలు, పిన్ని, మా అమ్మ కూర్చుని ఒప్పుకున్న మాట ఇది. బడి మీద కోపం ఉందన్న పెద్దమామయ్యే అందరికన్నా ముందు చెక్కు రాశాడు.

అమ్మమ్మ ఇనప్పెట్టెలోని పంచాంగాలు కూడా మేం బడికే ఇస్తాం. వాటి అంచుల్లో ఆమె పెన్సిల్‌తో చిన్నచిన్న గుర్తులు పెట్టుకుంది. ఏ తిథి ఏ పిల్లదో మాకు తెలియదు. రిజిస్టర్లు పక్కన పెట్టుకుని చూస్తే చాలావరకు పోల్చుకోవచ్చు. ఈ పని మీలో లెక్కలు బాగా వచ్చినవాళ్లు చేపడితే మంచిది. తల్లులు ఇంకా బతికి ఉన్నవాళ్లు ఇప్పుడే వాళ్లను అడిగి పెట్టుకోండి, ఏ పండగ, ఏ వారం అని.

వచ్చే నెల సంఘం మీటింగులో దీన్ని మొదటి అంశంగా చేర్చమని ప్రెసిడెంటుగారిని కోరుతున్నాను. అర్జీ చిత్తుప్రతి రాసి ఉంచాను. సంతకాలకు ఇంకో పేజీ కూడా జతచేశాను. హెడ్‌మాస్టరుగారితో మాట్లాడాను, ఆయనకు అభ్యంతరం లేదు, పైనుంచి కాగితం రావాలన్నారు. ఈలోగా గోతాలు తడవకుండా మా ఇంటి నుంచి టార్పాలిన్ పంపించాం, అటెండరు కప్పి ఉంచాడు.

ఇట్లు,
టీచరమ్మ మనవరాలు,
కొరిటెపాడు, గుంటూరు